దోస్తును అచ్చులో నిలిపిన వాళ్లు
(కరీంనగర్‌లో జనవరి 12న చేసిన అలిశెట్టి ప్రభాకర్ స్మారకోపన్యాసం)

  

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కవి అలిశెట్టి ప్రభాకర్ స్నేహితుణ్ణి కాను. ఆయన ఈ ఊళ్లో ఫోటో స్టూడియో పెట్టేనాటికి నేను ఆదిలాబాద్ జిల్లాలో హైస్కూలు పిల్లవాణ్ణి. ఆయనతో కలిసి చాయ తాగినవాళ్లు, రాత్రుళ్లు తిరిగినవాళ్లు, అప్పులు ఇచ్చి మరిచిపోయినవాళ్లు ఈ వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడారు. వాళ్ల యాదులు వాళ్లవి. వాటిని అరువు తెచ్చుకుని నావిగా చెప్పడం మర్యాద కాదు. తెలుగు పంతులుగా రిటైరైన నాకు చెప్పాలనిపించింది ఆయన స్నేహితుల గురించి. దోస్తు నడి వయసు రాకముందే పోతే, మిగిలిన దోస్తు చేయగల పని ఏమిటి? దుఃఖం సంగతి సరే, అది ఎవరూ చెప్పకుండానే వస్తుంది. నేనడిగేది పని గురించి.

ఇవాళ్టి తేదీ గురించి ఒక చిన్న పేచీ ఉంది, అది కూడా ముందే పెట్టుకుంటాను. ప్రభాకర్ 1954లో జగిత్యాలలో పుట్టింది జనవరి 12న. 1993లో హైదరాబాద్‌లో క్షయతో కన్నుమూసిందీ జనవరి 12నే. సరిగ్గా ముప్పై తొమ్మిదేళ్లు. ఈ పొంతన మనకెంత నచ్చిందంటే ప్రతి ఏడూ దాన్నే ఒక కవితలాగా చదువుకుంటున్నాం. నాకది నచ్చదు. రెండు తేదీలు కలవడం కాకతాళీయం. క్షయ రావడం, అది నయం కాకుండా మనిషిని తీసుకుపోవడం మాత్రం కాకతాళీయం అనడానికి నోరు రాదు.

లెక్క చూడండి. స్ట్రెప్టోమైసిన్ 1940ల్లోనే వచ్చింది. ఐసోనియాజిడ్ 1952లో వచ్చింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, రోగిని శానిటోరియంలో మంచాన పడుకోబెట్టి ఇచ్చినా ఇంట్లో ఉంచి ఇచ్చినా మందు ఒక్కలాగే పనిచేస్తుందని లోకానికి చూపెట్టింది. 1962 నుంచి మన దేశానికి జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం ఉంది. తర్వాత రిఫాంపిసిన్ చేరింది, ఏడాదిన్నర మింగవలసిన మందులు ఆర్నెల్లకు దిగాయి. అంటే 1993 నాటికి ఇది మందున్న జబ్బు. అయితే ఈ మందుకో గుణం ఉంది. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బాగయిందనిపిస్తుంది. అక్కడ ఆపితే జబ్బు మొండికెత్తి తిరిగొస్తుంది. ఆర్నెల్లు ఆపకుండా మింగాలంటే కడుపునిండా తిండి కావాలి, పనికి పోకపోయినా గడిచే ఇల్లు కావాలి. ఏ రోజు సంపాదన ఆ రోజుకే చాలని మనిషికి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? బీడీలు చుట్టే ఇళ్ల నుంచి, సాంచెలు నడిపే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఈ దగ్గు మీకు కొత్త కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను ప్రపంచమంతటికీ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది 1993 ఏప్రిల్‌లో. ప్రభాకర్ పోయిన మూడు నెలలకు.

అందుకని ఆయన చావును అందంగా చెప్పుకోవడం ఇకనైనా మానుకుందాం. పేదరికాన్ని అలంకారం చేసుకోవడమూ మానుకుందాం. కడుపు కాలితేనే కవిత పుడుతుందని ఒక నమ్మకం మన సాహిత్య సభల్లో తిరుగుతుంటుంది. అది కడుపు నిండినవాళ్లు పుట్టించిన నమ్మకమని నా అనుమానం.

తెలుగులో చిన్న వయసులో పోయిన స్నేహితుడనగానే అందరికీ గుర్తొచ్చేది కొంపెల్ల జనార్దనరావు. ఆయనదీ క్షయే. 1937లో పోయాడు, ముప్పై దాటీ దాటని వయసు. శ్రీశ్రీ ఆయన మీద రాసిన స్మృతిగీతం మీలో చాలామందికి కంఠతా వచ్చు. 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చినప్పుడు దాన్ని ఆ మిత్రుడికే అంకితమిచ్చాడు. స్నేహితుడి చావు మీద తెలుగులో అంతకన్నా గొప్ప కవిత నాకు తెలీదు. క్లాసులో చదువుతుంటే నా గొంతు పట్టేసిన రోజులున్నాయి.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కొంపెల్ల జనార్దనరావు కవి, నాటక రచయిత, ‘ఉదయిని’ అనే పత్రిక నడిపిన సంపాదకుడు. ఆయన రాసిన ఒక్క పంక్తి ఈ సభలో ఎందరు చెప్పగలరు?

నిశ్శబ్దంగా ఉన్నారు. తప్పు మీది కాదు, శ్రీశ్రీది అంతకన్నా కాదు. ఆ ఎలిజీ మరీ అంత గొప్పగా కుదరడమే చిక్కయింది. పోయిన మనిషి మీద కట్టిన గోపురం ఎంత ఎత్తు లేచిందంటే లోపలి మనిషి కనపడకుండా పోయాడు. జనార్దనరావు ఇవాళ శ్రీశ్రీ కవితలో ఒక పాత్ర. తన కవితలకు తాను కవి అన్న సంగతి మనకు పట్టలేదు.

ప్రభాకర్ స్నేహితుల్లో శ్రీశ్రీ అంతటి కవి లేడు. అది ఆయన అదృష్టమేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. వాళ్లు వేరే పని చేశారు. ఆయన్ను అచ్చు వేశారు.

బతికుండగా ప్రభాకర్ పుస్తకాలు సన్నసన్నగా వచ్చాయి. 1978లో ‘ఎర్ర పావురాలు’, ఆ తర్వాత ‘మంటల జెండాలు’, ‘చురకలు’, ‘రక్తరేఖ’, ‘ఎన్నికల ఎండమావి’, ‘సంక్షోభగీతం’, చివరికి 1992లో ‘సిటీ లైఫ్’. ఆ మొదటి పుస్తకం ఏ ఏడాదిదో గమనించండి. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీల ఊరేగింపు, జగిత్యాల జైత్రయాత్ర. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లో నలుగురు కూడితే పోలీసులు అడిగే కాలంలో ఒక ఫోటో స్టూడియో కుర్రాడు ‘ఎర్ర పావురాలు’ అనే పేరుతో పుస్తకం తెచ్చాడు. అలాంటి పుస్తకాలు అప్పట్లో ఎలా తిరిగేవో పెద్దలకు ఎరుకే. చేతి నుంచి చేతికి, సంచిలో నుంచి సంచిలోకి. అట్ట చిరిగేది, మధ్య పేజీలు పోయేవి. కొన్ని ప్రతులు భయానికి పొయ్యిలో పడ్డాయి. ఇక ఆంధ్రజ్యోతిలో ‘సిటీ లైఫ్’ పేరుతో ఆరేళ్ల పాటు రాసిన చిన్న కవితల సంగతి. దినపత్రిక గతి మనకు తెలిసిందే. మర్నాటికి అందులో మిరపకాయ బజ్జీలు కట్టిస్తారు.

ఆయన పోయిన ఇరవయ్యేళ్లకు, 2013లో, జయధీర్ తిరుమలరావు, నిజాం వెంకటేశం, బి. నర్సన్ కలిసి ఆయన కవిత్వమంతా కూర్చి ఒక సంపుటంగా తెచ్చారు. ఇవాళ ఇంటర్ చదివే పిల్ల కూడా ప్రభాకర్ కవిత ఫోన్‌లో పంపుకుంటోందంటే వెనకాల ఉన్నది ఆ పుస్తకమే. ఇరవయ్యేళ్లంటే తక్కువ కాలం కాదు. మొదటి ఏడాది సంతాపసభకు హాలు నిండుతుంది. అయిదో ఏడాదికి సగం కుర్చీలు. పదో ఏడాదికి మైకువాడు కూడా ఆలస్యంగా వస్తాడు. ఇరవయ్యో ఏట కూడా పాత కాగితాలు వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు, స్నేహితుడు అనే మాట చాలదు.

ఫ్రాన్జ్ కాఫ్కాకు మాక్స్ బ్రాడ్ చేసింది ఇదే. 1924లో కాఫ్కా కూడా క్షయతోనే, నలభై ఒకటి నిండకుండా పోయాడు. రాతలన్నీ కాల్చెయ్యమని స్నేహితుడికి చెప్పి పోయాడు. బ్రాడ్ కాల్చలేదు. ఏడాది తిరిగేసరికి ‘ది ట్రయల్’ అచ్చు వేయించాడు. 1939లో నాజీలు ప్రాగ్‌లోకి వస్తుంటే మిగిలిన రాతప్రతులు సూట్‌కేసులో పెట్టుకుని ఊరు దాటాడు. బ్రాడ్ తనకు తానుగా పేరున్న రచయిత, బోలెడు పుస్తకాలు రాశాడు. ఇప్పుడు ఆయన్ని లోకం తలచుకునేది ఆ సూట్‌కేసు వల్లనే. ఆయన అందుకు బాధపడ్డాడని నేనెక్కడా చదవలేదు.

కూర్చడం, సంకలనం చేయడం అంటే చాలామందికి ఒక చులకన. ఉన్నవి ఏరి ప్రెస్సుకు ఇవ్వడమే కదా అనుకుంటారు. అలా ఎందుకు కాదో నా సొంత అనుభవం నుంచి ఒకటి చెప్తాను.

నాకూ ఒక దోస్తు ఉండేవాడు. పేరు చెప్పను. అతని ఇంట్లోవాళ్లు ఇంకా ఉన్నారు, సభల్లో పేరు వినపడటం వాళ్లకు ఇష్టం లేదు. కాగజ్‌నగర్‌లో పేపరు మిల్లులో పని. 1942 నుంచి కాగితం చేసిన మిల్లు అది, మన సిర్పూర్ పేపర్ మిల్స్. అతను రాసేది మిల్లులో అంచులు కోసేసిన కాగితం ముక్కల మీద. బెత్తెడు వెడల్పు, మూరెడు పొడుగు. జేబులో మడిచి పెట్టుకునేవాడు, చెమటకు సిరా అలుక్కునేది. రాసింది ఎక్కడా పంపేవాడు కాదు. సాయంత్రం షిఫ్టు దిగాక రైల్వే కట్ట మీద కూర్చుని నాకు చదివేవాడు. ముప్పై దాటి రెండేళ్లకు కామెర్లతో పోయాడు. ఆకు పసరు పోయించారు, తగ్గిందన్నారు, తగ్గలేదు.

ఆ ముక్కలన్నీ మంచిర్యాలలో వాళ్ల అక్క దగ్గర ఇనుప సందుగలో ఉన్నాయి. చాలా ఏళ్లకు ఆమె కబురు పెట్టింది. “తమ్ముడూ, నాకు చదువస్తలేదు. చెదలు పట్టకముందే నువ్వన్న చూడు” అంది. తెచ్చుకుని టైపు చేయడానికి కూర్చున్నాను. మొదటి ముక్క దగ్గరే చెయ్యి ఆగిపోయింది. పంక్తులన్నీ చిన్నచిన్నవి. రెండు మాటలు, మూడు మాటలు. చూడ్డానికి అచ్చం కొత్త కవిత్వంలాగే ఉంది. అయితే ఆ పంక్తి విరుపు అతను విరిచిందా, కాగితం విరిచిందా? బెత్తెడు కాగితం మీద ఎవడు రాసినా రెండు మాటలకే అంచు వస్తుంది. విరుపు మారితే కవిత మారిపోతుంది.

ఎవరిని అడగాలి? పండితుడు చెప్పలేడు. కాగితాన్ని కంప్యూటర్‌లో ఎంత పెద్దది చేసి చూసినా తేలదు. చివరికి చేసింది ఒకటే. కళ్లు మూసుకుని, కట్ట మీద అతను చదివిన తీరు గుర్తు చేసుకున్నాను. అతనికి ఒక అలవాటుండేది. క్రియ ముందు ఆగేవాడు. వాక్యమంతా చెప్పి, బీడీ ఒక దమ్ము లాగి, అప్పుడు క్రియ వదిలేవాడు. ఆ ఆగడం ఎక్కడుందో అక్కడ పంక్తి విరిచాను. మిగిలినచోట కలిపేశాను. సగం కవితల్లో పంక్తులు పొడుగయ్యాయి. ఇప్పుడవి అతని గొంతులో ఉన్నాయి.

స్నేహితుడు తప్ప మరొకరు చేయలేని పని ఇదేనని నాకు అర్థమైంది. విన్నవాడు కావాలి. రాసినదాన్ని ఎవరైనా చదవగలరు, చదివిన తీరు విన్నవాడి చెవిలోనే ఉంటుంది, అతనితోనే పోతుంది.

ఇదే ప్రశ్నను పత్రికలో వచ్చిన ఏ చిన్న కవితకైనా వేసి చూడండి. దినపత్రిక కాలమ్ వెడల్పు మిల్లు ముక్క కంటే పెద్దదేం కాదు. కంపోజిటర్ చోటు చాలక ఒక మాటను కిందికి దించుతాడు. ఎడిటర్ కింద ప్రకటన పట్టాలని రెండు పంక్తులు ఒకటి చేస్తాడు. తేదీ చినిగిపోయిన కత్తిరింపులో ఏది కవి చేతిది, ఏది ప్రెస్సు చేతిది? ఆరేళ్ల పాటు పత్రికలో వచ్చినవాటిని పుస్తకంలోకి తేవడమంటే ఇలాంటి నిర్ణయాలు వందల సంఖ్యలో చేయడం. అట్ట మీద మూడు పేర్లు చూసి పేజీ తిప్పేస్తాం. ఆ మూడు పేర్ల కింద ఎంత చాకిరీ ఉందో ఇలాంటి పని ఒకసారి మీదేసుకున్నవాడికే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రభాకర్ చేసిన పని దగ్గరికి వస్తాను. మనం కవి అంటాం. ఆయన్ను బతికించిన వృత్తి ఫోటో. సిరిసిల్లలో ఒక స్టూడియోలో పని నేర్చుకున్నాడు. 1976లో జగిత్యాలలో ‘స్టూడియో పూర్ణిమ’, 1979లో కరీంనగర్‌లో ‘స్టూడియో శిల్పి’, 1983లో హైదరాబాద్‌లో ‘స్టూడియో చిత్రలేఖ’. కవితకన్నా ముందు బొమ్మ. పత్రికలకు బొమ్మలు వేస్తూనే సాహిత్యంలోకి వచ్చాడు. ఆ తర్వాత కవితలను బొమ్మలతో కలిపి అట్టల మీద పెట్టి సభల దగ్గర ప్రదర్శించాడు. విమర్శకులు ఈ సంగతిని జీవిత విశేషాల్లో ఒక ముక్కగా రాసి ముందుకు పోతారు. నా మటుకు నాకు ఆయన కవిత్వం అర్థమయ్యే దారి అదే.

డిగ్రీ చదివే రోజుల్లో మంచిర్యాలలో ఒక స్టూడియోలో సాయంత్రాలు పనిచేశాను, అందుకని ఆ చీకటి గది కొంత తెలుసు. కిటికీకి నల్లగుడ్డ. లోపల ఎర్రబల్బు. మూడు ట్రేలు: డెవలపర్, నీళ్లు, హైపో. ఎన్‌లార్జర్ కింద కాగితానికి వెలుగు తగిలించి మొదటి ట్రేలో ముంచితే తెల్లకాగితం మీద ముందు జుట్టు లేస్తుంది, తర్వాత కనుబొమ్మలు, కళ్లు, ఆఖరికి చెంపలు. అక్కడ కనుక్కోవాలి. ఒక్క క్షణం ముందు తీస్తే మొహం బూడిద, ఒక్క క్షణం ఆలస్యమైతే మసి. గడియారం చూసి చేసేవాడికి ఆ పని రాదు. హైపోలో వేశాక ఇక మార్పు లేదు. వేళ్లకు జారుడు పోయేదాకా కడగాలి, లేకపోతే నాలుగేళ్లకే ఫోటో పచ్చబడుతుంది.

ఇక రీటచింగ్. నెగెటివ్‌ను గాజుపలక మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు పూడ్చడం. ఆ తరంలో మశూచి మచ్చలున్న మొహాలు ఎక్కువ. పెళ్లిచూపులకు పంపే ఫోటో అయితే ఆడపిల్ల తల్లి గడప దాటకముందే చెప్పేది: “జర తెల్లగ రావాలె బిడ్డా, మచ్చలు కనవడొద్దు.” అప్పుడప్పుడే గల్ఫ్ దారి తెరుచుకున్న రోజులు. జగిత్యాల, కరీంనగర్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ పోయేవాళ్లు మొట్టమొదట ఎక్కిన మెట్లు ఫోటో స్టూడియోవే. పాస్‌పోర్టు ఫోటో కోసం జన్మలో తొలిసారి కెమెరా ముందు కూర్చునేవాళ్లు. కళ్లార్పకు అంటే ఊపిరి కూడా బిగబట్టేవాళ్లు. మనిషి పోతే ఇంటికి పిలిపించి, గోడకు ఆనించి కూర్చోబెట్టి తీయించేవాళ్లు. ఆ ఇంట్లో ఆ ముసలమ్మకు అదొక్కటే ఫోటో.

ఏ చిన్న ఊళ్లో స్టూడియో నడిపినవాడైనా ఈ మొహాలన్నీ చూసే ఉంటాడు. పొద్దంతా డబ్బు తీసుకుని మచ్చలు పూడ్చే పని. అలాంటివాడు రాత్రి కాగితం ముందు కూర్చున్నప్పుడు మచ్చలన్నీ కనిపించేలా రాయడంలో నాకేమీ వింత లేదు. ప్రభాకర్ కవితలో నీడ, వెలుగు మధ్య బూడిదరంగు ఉండదు. గట్టి కాంట్రాస్టు కాగితం మీద వేసిన ప్రింటులాగా ఉంటుంది. అందరూ దాన్ని ఆవేశం అన్నారు. నేను చీకటిగది అలవాటు అంటాను.

ఆయన కవితల పొట్టిదనం కూడా అక్కడిదే. డెబ్భైల చివర తెలుగులో మినీ కవిత ఊపు మీదుండేది. చిన్నగా రాస్తే చాలు కవితైపోతుందనుకున్నవాళ్లు వేలమంది రాశారు, ఎక్కువ భాగం చమత్కారంతో ఆగిపోయాయి. ప్రభాకర్‌వి ఆగిపోలేదు. అట్ట మీద బొమ్మ పక్కన పెట్టిన కవితను జనం నిలబడి చదువుతారు. చేతిలో సంచి ఉంటుంది, బస్సు టైమవుతుంటుంది. ఆ చదువరిని ఆపాలంటే మొదటి మాటకే పట్టుకోవాలి, ఆఖరి మాట దాకా వదలకూడదు. ఆయనకు తన పాఠకుడు ఎంత దూరంలో నిలబడి ఉన్నాడో తెలుసు. కూర్చుని రాసేవాళ్లకు ఈ లెక్క అందదు. దీన్ని బలహీనత అన్నవాళ్లూ ఉన్నారు. ప్రాస కోసం ప్రాకులాడాడు, శబ్దాల ఆట ఎక్కువైంది అన్నారు. కొన్ని కవితల్లో అది నిజమే, నేను దాచను. ఆరేళ్లు పత్రికకు వరసగా రాసినవాడు ప్రతిసారీ గురి చూసి కొట్టలేడు. సంపుటంలో నీరసమైనవీ ఉన్నాయి. స్నేహితులు వాటిని తీసేయకపోవడమే నాకు నచ్చింది. మంచివే ఏరి చిన్న పుస్తకం వేసుంటే ఆయన మరీ నున్నగా కనిపించేవాడు. రీటచింగ్ చేసిన నెగెటివ్‌లాగా.

తెలంగాణ వచ్చాక పదో తరగతి తెలుగు వాచకంలో ఆయన ‘నగరగీతం’ పాఠమయింది. ఉట్నూరు దిక్కు ఒక సర్కారు బడిలో ఆ పాఠం చెప్పే భాగ్యం నాకు దక్కింది. క్లాసులో సగం మంది గోండు, లంబాడా పిల్లలు, చాలామంది ఆదిలాబాద్ పట్టణం కూడా చూడలేదు. నగరం మనిషిని ఎలా ఒంటరిని చేస్తుందో వాళ్లకు ఎలా చెప్పాలా అని రాత్రి బాగా తయారై వెళ్లాను. కవి పరిచయం చదువుతుంటే ముందు బెంచీ అమ్మాయి లేచింది. “సార్, గీయన మన జగిత్యాలాయననే గదా. మరి పట్నం గురించి ఎందుకు రాసిండు?” అంది. నేను జవాబు వెతుక్కునేలోపు వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు కూర్చునే అన్నాడు. “బతుకపోయిండు. మా అన్నలెక్క.” నా రాత్రి తయారీ అంతా పక్కన పెట్టి, ఆ అన్న ఎక్కడుంటాడు, ఏం పని చేస్తాడు, ఫోన్‌లో ఏం చెప్తాడు అని అడగడం మొదలుపెట్టాను. పాఠం నడిచిపోయింది.

ఆదిలాబాద్ పేరెత్తాను కాబట్టి పక్కదారి పట్టినా ఒక సంగతి చెప్తాను. నిన్న, అంటే జనవరి 11న, జైనూరు మండలం మార్లవాయిలో ఏటా జరిగే కార్యక్రమం ఉంటుంది. అది గోండుల మధ్య బతికి వాళ్ల గురించి రాసిన హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ల స్మారక కార్యక్రమం. ఆమె 1987లో పోతే ఆమె సమాధి ఆ ఊళ్లోనే కట్టారు. ఊరివాళ్లు ఆ రోజున తమ ఇంటి పెద్దల్ని తలచుకున్నట్టే తలచుకుంటారు. నేను ఒక ఏడాది వెళ్లాను. ఉపన్యాసాలు, అధికారులు అన్నీ ఉన్నాయి. వాటికన్నా నాకు గుర్తున్నది, ఒక ముసలాయన హైమన్‌డార్ఫ్ తీసిన పాత ఫోటో నకలు పట్టుకుని అందులో ఉన్నవాళ్లను వరసగా పేర్లతో చెప్పడం. ఈయన మా పెదనాయన, ఈమె ఫలానా ఇంటి కోడలు అని. లండన్‌లో భద్రంగా ఉన్న ఆ ఫోటోల మీద పేర్లు అన్నిటికీ లేవు. పేర్లు తెలిసినవాళ్లు ఇక్కడున్నారు, వాళ్ల వయసు ఎనభై దాటింది. చూసినవాడు, విన్నవాడు ఉండగానే రాసుకోవాలన్నది అక్కడ నాకు మళ్లీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

నిజాం వెంకటేశం గారు 2022లో వెళ్లిపోయారు. ప్రభాకర్ గొంతు విన్న చెవులు ఏటికేడాది తగ్గుతున్నాయి. పుస్తకం ఉంది, సరే. కవితలు ఆయన ఎలా చదివేవాడు, ఎక్కడ ఆగేవాడు, ఏ మాట మీద బరువు వేసేవాడు? ఆయన్ను విన్న ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ఆ కవితలు వాళ్లకు గుర్తున్న తీరులో చదివించి రికార్డు చేయడం పెద్ద ఖర్చున్న పని కాదు. ఇవాళ అందరి జేబులోనూ రికార్డర్ ఉంది. ఈ హాల్లోనే అలాంటివాళ్లు నాకు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. భోజనాలయ్యాక మీరెవరూ వెంటనే వెళ్లిపోవద్దు.

ఇంకొకటి. ఆయన కవితలు దొరికాయి. ఆయన తీసిన ఫోటోల మాటేమిటి? 1976 నుంచి 1983 దాకా జగిత్యాలలో, ఈ కరీంనగర్‌లో ఆయన స్టూడియోలో ఫోటో దిగినవాళ్లు వేలల్లో ఉంటారు. పెళ్లి జంటలు, దుబాయి పోయినవాళ్లు, తొట్టెల్లో పిల్లలు. అవి ఏ మ్యూజియంలోనూ లేవు, మీ ఇళ్లలోనే ఉన్నాయి. పాత ఆల్బంలో, దేవుని గూట్లో, పాస్‌బుక్కు మధ్యలో. ఆ రోజుల్లో చాలా స్టూడియోలు ఫోటో వెనక రబ్బరు స్టాంపు వేసేవి. ఇంటికెళ్లాక ఆ కాలపు నలుపు తెలుపు ఫోటోలను తిప్పి చూడండి. పూర్ణిమ అనో శిల్పి అనో ఉంటే, జిగురుతో అంటించినదాన్ని పీకకండి, చినుగుతుంది. ఆల్బం పేజీతో సహా ఫోన్‌తో తీయండి. వెనక వైపు కనిపిస్తే అదీ తీయండి. ఫోటోలో ఉన్నవాళ్ల పేరు, ఊరు, సుమారు ఏడాది, అప్పుడు ఏం పని మీద దిగారో ఒక కాగితం మీద రాసి జత చేయండి. ఫోటో మీద పెన్నుతో రాయొద్దు. ఎవరికీ తెలియకూడదనుకున్న మొహం ఉంటే పంపకండి, అది మీ ఇష్టం. మిగిలినవి వచ్చే జనవరిలోగా ఈ సభ పెట్టినవాళ్లకు చేర్చండి. వాటిని వరసలో పెట్టే పనికి నేను కూర్చుంటాను.